ఇప్పచెట్టు కింద నేను గీసిన అగ్గిపుల్ల

మా చిన్నప్పుడు... ఇప్పపూలు రాలే రోజుల్లో, తెలతెలవారుతుండగానే బుట్ట చంకన పెట్టుకుని గుట్టెక్కేవాళ్ళం. దమ్మపేట దాటి అడవివైపు పోతే వచ్చే చిన్న ఊరు మాది. ఇళ్ళన్నీ గుట్ట కిందే...

రాలిన పూలు ఎండుటాకుల్లో కలిసిపోయి కనబడేవి కావు. అందుకని చాలామంది ముందురోజే చెట్టు కింద ఆకులకు అగ్గిపెట్టేవారు. నేల శుభ్రమైతే ఏరుకోవడం తేలిక కదా! మా అమ్మ మాత్రం ఓపిగ్గా చీపురుతో ఊడ్చేది.

నాకప్పుడు పదేళ్ళు. ఒకరోజు అమ్మకు జ్వరమొచ్చి ఊడ్చే పని నా మీద పడింది. నాకసలే ఒళ్ళు వంచడమంటే గిట్టదు... పొయ్యి దగ్గరున్న అగ్గిపెట్టె తీసుకెళ్ళి ఒక్క పుల్ల గీశాను. అంతే! గాలి లేచింది. మంట ఎండుగడ్డిని పట్టుకుని గుట్ట పైకి పాకింది. నేను ఇంటికి పరుగో పరుగు...

సాయంత్రానికి మా ఇళ్ళ వెనక గుట్టంతా నల్లగా, బోడిగా మిగిలింది. ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. ఏటా ఎవరో ఒకరు పెట్టేదేగా!

వానాకాలం వచ్చింది. మూడు రోజులు వదలని ముసురు... నాలుగో రోజు మధ్యాహ్నం గుట్ట మీది మట్టీ రాళ్ళూ జారి, మా పక్కింటి లచ్చమ్మ పెద్దమ్మ ఇంటి వెనక గోడ మీద పడ్డాయి. గోడ కూలిపోయింది. పెద్దమ్మ నాట్లకు పోయింది కాబట్టి బతికింది. గోడ పక్కన కట్టేసిన రెండు మేకలు మాత్రం మట్టి కిందే ఉండిపోయాయి. ఆమె ఆ మట్టి మీద కూలబడి ఏడుస్తుంటే... ఆ మట్టిని పట్టి ఉంచే గడ్డిని కాల్చింది నేనేనని తట్టింది.

మర్నాడు వెళ్ళి చెప్పేశాను. "పెద్దమ్మా... ఎండాకాలం గుట్టకు అగ్గిపెట్టింది నేనే."

చెంప పగులుతుందనుకున్నాను. ఆమె కొంగుతో నా కళ్ళు తుడిచింది.

"నువ్వొక్కదానివేనా? ఇన్నేండ్ల సంది నేను పెట్టలేదా ఏంది? ఏడ్వకు. మళ్ళ జారితే ఈసారి మీ ఇల్లే. పో, జల్దీ తట్ట పట్కరా!"

ఊరందరినీ ఆమే కూడగట్టింది. ఇంటికింత చొప్పున గుట్టను పంచుకున్నాం. నీళ్ళు కోసిన చోటల్లా అడ్డంగా రాళ్ళు పేర్చాం... వెదురు, కానుగ నాటాం. ఇక మీద అగ్గి పెట్టొద్దన్నది కట్టుబాటు. మా బాబాయి ఎగిరిపడ్డాడు. "అగ్గి పెట్టకుంటే పూలెట్ల ఏరాలె?"

"నడుము వంగదా నీకు? ఊడువు!" అంది పెద్దమ్మ. ఊరంతా ఒకటే నవ్వు... బాబాయి కూడా నవ్వాడు.

పెద్దమ్మ తన వంతు జాగాకు, అందులోని ఇప్పచెట్టుకు కాపలా నన్నే పెట్టింది. పెళ్ళై ఖమ్మం వచ్చేదాకా ఏటా ఆ చెట్టు కింద నేనే ఊడ్చాను. నా కళ్ళ ముందే గుట్ట పచ్చబడింది...

ఈ ఏడు వానలు అప్పటికంటే గట్టిగా కొట్టాయి. ఊళ్ళోనే ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. "గుట్టెట్లుందిరా?"

"గుట్టకేందక్కా... గట్లనే ఉంది. గుట్ట మీంచొచ్చే వాగు నీళ్ళు గూడ తేటగనే వస్తున్నయ్."

నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. ఆ రాళ్ళు పేర్చింది మేమే, ఆ వేర్లు దిగింది మా కళ్ళ ముందే. అది కదలదు!

ఇప్పుడు ఇప్పచెట్ల కింద వలలు కడుతున్నారు. పూలు అందులోనే పడతాయి... అగ్గీ అక్కర్లేదు, చీపురూ అక్కర్లేదు. మంచిదే. అయినా ఊరెళితే పెద్దమ్మ చెట్టు కింద ఒకసారి ఊడ్చి వస్తాను. మా పిల్లలు నవ్వుతారు. పెద్దమ్మ ఇప్పుడు లేదు... మేమందరం కలిసి మళ్ళీ కట్టిన ఆమె ఇంటి వెనక గోడ మాత్రం అలాగే ఉంది.

చిన్నప్పుడు మీరు చేసిన తప్పుకు చెయ్యెత్తకుండా, చేతికి తట్ట ఇచ్చినవాళ్ళు మీకూ ఉన్నారా? వాళ్ళ పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి...