రెండు చెంచాల పాలు

తెనాలిలో నేను శవపరీక్షలు చేసే డాక్టరుగా ఉన్నప్పుడు, ఒక ముసురు రోజు పొద్దున్నే రేపల్లె వైపు నుంచి పోలీసులు ఒక పసిగుడ్డును తెచ్చారు. పాత చీర ముక్కలో చుట్టి ఉంది. కాలవ గట్టు బాగుచేస్తున్న కూలీలకు దొరికిందట. ఆడపిల్ల. పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిలీ అంతే.

"చచ్చి పుట్టిందని వాళ్ళ అమ్మమ్మ చెప్తోంది మేడం, ఇంట్లోనే కాన్పంట. అలాగే రాసేస్తే సరిపోద్ది," అన్నాడు ఎస్సై.

"చూసి రాస్తానండి," అన్నాను.

అంత చిన్న ఒంటికి కత్తి పెట్టడం నాకు ఏనాడూ అలవాటు కాలేదు. ఊపిరితిత్తులు నీళ్ళలో తేలాయి. అంటే పిల్ల ఊపిరి పీల్చింది. కుళ్ళిన శవంలోనైనా తేలతాయి గనక అదొక్కటే నమ్మను. కానీ ఒళ్ళు ఇంకా చెడలేదు. బొడ్డు ఎండడం మొదలైంది. రెండు రోజులైనా బతికి ఉంటుంది. పొట్టలో విరిగిన పాలు ఉన్నాయి. పెదాల లోపల, చిగుళ్ళ మీద కమిలిన మచ్చలు. ఎవరో మూతి గట్టిగా అదిమారు.

అంగిలి చీలిన పిల్ల రొమ్ము పట్టలేదు. ఎవరో ఓపిగ్గా చుక్క చుక్క పోసి ఉండాలి. అదే ఇంట్లో ఇంకెవరో ఊపిరి ఆపారు.

పోలీసులు నా రిపోర్టు చూపించి అడిగాక అమ్మమ్మ ఒప్పుకుంది. కూతురు పెరట్లో స్నానం చేస్తుండగా చేసిందట. "ఆ మొహం చూస్తే అల్లుడు నా కూతుర్ని ఏలుకోడండి," అందట. అల్లుడిది బాపట్ల. కాన్పు ముందే రావడంతో అతను పిల్లను చూడనే లేదు.

కొన్నాళ్ళకు ఆ తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో.

"డాక్టరమ్మా, పొట్టలో పాలున్నాయా అండి? ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని. సగం ముక్కులోంచి వచ్చేసేవి. ఆకలితో పోయిందేమోనని..."

"కడుపు నిండా ఉన్నాయమ్మా," అన్నాను. రెండు చెంచాలే ఉన్నాయని రిపోర్టులో రాసింది నేనే.

"ఆ పెదవి బాగయ్యేదా అండి?"

"గుంటూరులో కుడతారమ్మా. అంగిలి కూడా."

ఆమె గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కోర్టులో ఆమె కన్నతల్లికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. నేను వెళ్ళిన ప్రతి వాయిదాకీ భర్త ఆమె పక్కనే కూర్చుని కనిపించాడు. శిక్ష పడిన రోజు అమ్మమ్మ అల్లుడి వైపు తిరిగింది.

"మీరు దాన్ని వదిలేస్తారనుకున్నాను బాబూ," అంది.

అతను భార్యను లేవదీసి, చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిపించుకుపోయాడు.