పొన్నంగి పిట్టకు ఇద్దరు సాక్షులు: అనంతగిరిలో ఒక ఆదివారం

ఈ ప్రయాణం అడవి మీద ప్రేమతో మొదలు కాలేదు, ఒక అవమానంతో మొదలైంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో దినపత్రికల బల్ల దగ్గర నాకూ అశోక్ నగర్ సుదర్శనం గారికీ ఏళ్ల తరబడి పరిచయం. స్నేహం అనను. ఆయన రిటైరైన లెక్చరర్. రిటైరయ్యాక మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని పక్షి ప్రేమికులయ్యారు, ఒక బ్లాగు కూడా తెరిచారు. ఒకరోజు మాటల్లో నేను ఆయనకు ఒక పాత సంగతి చెప్పాను. చాలా ఏళ్ల కిందట, తొలకరి పడిన వారంలో, మా డాబా మీద ఒక పిట్ట అలసి పడిపోయిందట. నా భార్య రాజ్యలక్ష్మి దానికి చెంబు మూతలో నీళ్లు పెట్టి, పిల్లి పట్టకుండా బుట్ట బోర్లించింది. తెల్లారి బుట్ట తీస్తే ఎగిరిపోయిందట. నేను అప్పుడు ఊళ్లో లేను. ఆమె చెప్పిన రంగులను బట్టి అది పొన్నంగి పిట్ట, మన హైదరాబాదు పిట్టల వాళ్లు నవరంగ్ అంటారు. సుదర్శనం గారు విని చిరునవ్వు నవ్వారు. వారం తిరక్కుండా తన బ్లాగులో, రామచిలుకను చూసి నవరంగ్ అనుకున్న ఒక గృహిణి కథ రాశారు. పేరు రాయలేదు. చిక్కడపల్లి అని మాత్రం రాశారు. గ్రంథాలయంలో మా బల్ల దగ్గర అందరూ చదివారు.

నేను ఊరుకునే మనిషిని కాను. ఆ వానాకాలమంతా గ్రంథాలయంలో పక్షుల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఆ పిట్ట వానలతో పాటు దక్షిణం నుంచి పైకి వస్తుందని, రాత్రిళ్లు ప్రయాణం చేస్తుందని, అలసినవి ఊళ్లలో ఇళ్ల మీద పడడం కొత్త కాదని చదివి ఆయన ముందు పెట్టాను. "పుస్తకంలో పిట్ట ఎగరదు కదండీ" అన్నారాయన. వచ్చే జూన్‌లో ఒక కంపెనీ ఎనిమిది మందిని గైడుతో సహా అనంతగిరి అడవికి తీసుకెళ్తోందని, తానూ వెళ్తున్నానని, నవరంగ్ ఎలా ఉంటుందో చూడాలంటే రమ్మని చెప్పారు. రెండు సీట్లు తీసుకున్నాను. తలకు తొమ్మిది వందలు, టిఫిను దాంట్లోనే. ఆ పిట్టను రాజ్యలక్ష్మి అందరి ముందూ గుర్తుపట్టాలి, సుదర్శనం గారు తన రాత వెనక్కి తీసుకోవాలి. నాకు అంతకు మించి పని లేదు. ఆమె మాత్రం, "చూసినోళ్లకు తెలుస్తది, చూడనోళ్లతోని మనకేం పని?" అని బెండకాయలు తరుక్కుంటూ కూర్చుంది. అయినా ఆదివారం నాకంటే ముందు లేచి తయారైంది.

వ్యాను తెల్లవారుజామున నాలుగున్నరకు నారాయణగూడ చౌరస్తాలో ఎక్కించుకుంటుంది. ఆ వేళకు చిక్కడపల్లిలో ఆటో దొరకడం కష్టం, దొరికినా మీటరు వెయ్యడు. ముందురోజే మాట్లాడి పెట్టుకోండి. మేము నడిచి వెళ్లాం. రాత్రంతా నాకు నిద్ర లేదు. పిట్ట కనబడకపోతే? కనబడినప్పుడు ఈమె ఇంకో వైపు చూస్తూ ఉంటే? గైడు వినయ్ ఒక సాఫ్ట్‌వేర్ కుర్రవాడు, ఆదివారాలు మాత్రం పిట్టల పని. డ్రైవరు యాదయ్యది పాలమూరు జిల్లా. మెహదీపట్నం దాటి చేవెళ్ల దారి పట్టగానే ఆయన వెనక్కి తిరిగి, "సార్, పిట్టల కోసం గింత దూరమా? మా ఊర్ల పిట్టలు జొన్న తింటున్నయని డబ్బ కొట్టి ఎల్లగొడ్తం. మీరు పైసలిచ్చి ఎదురువోతున్నరు" అన్నాడు. సుదర్శనం గారు తప్ప అందరం నవ్వాం.

చేవెళ్లలో టీకి ఆపారు. అక్కడ వినయ్ నియమాలు చెప్పాడు. అవి జాగ్రత్తగా వినండి, తరువాత జరిగిందంతా వాటివల్లే. "పిట్ట కనబడితే అరవొద్దు సార్. నోరు తెరిస్తె పోతది. ఉన్న కాడనే ఆగి చెయ్యి ఎత్తుండ్రి. మిగిలినోళ్లు మిమ్మల్ని చూస్కుంట మెల్లగ వస్తరు. ఆఖర్ల అందరం కూసొని ఒక్కొక్క పిట్ట పేరు చెప్పుకుందం. ఇద్దరు చేతులెత్తితెనే లెక్క. ఒక్కరు చూసింది లెక్కల రాదు." ఆ చివరి మాట విని సుదర్శనం గారు నా వైపు చూశారు. నేను టీ వైపు చూశాను. రాజ్యలక్ష్మి అక్కడే షుగరు మాత్ర వేసుకుంది, ఎందుకంటే కంపెనీ కాగితంలో టిఫిను ఏడింటికి అని ఉంది.

అనంతగిరి చేరేసరికి ఏడు కావొస్తోంది. టిఫిను సంగతి అడిగితే వినయ్, "ముందు నడక సార్, పిట్టలు ఇడ్లీ కోసం ఆగయి" అన్నాడు. షుగరు మాత్ర వేసుకున్న మనిషి ఉందన్నాను. "గంటలో వచ్చేద్దం అంకుల్, పరేషాన్ కావొద్దు." ఏదో తింటుందిలే, బిస్కెట్లు తెచ్చాం కదా అనుకున్నాను. బిస్కెట్ల సంచి నా భుజానే ఉంది.

రాత్రి వాన పడిందేమో, మట్టి వాసన గుప్పుమంటోంది. రాలిన ఆకులు తడిసి అడుగుల చప్పుడు వినబడడం లేదు. కాలిబాట ఒక్క మనిషికి సరిపోయేంతే. వినయ్ ముందు, వెనకే నేను, ఆ వెనక సుదర్శనం గారు, మిగిలిన వారు, అందరికంటే చివర రాజ్యలక్ష్మి. మా ఇళ్లలో మగవాళ్లు ముందు నడుస్తారు, ఆడవాళ్లు నాలుగడుగులు వెనక. సుల్తాన్ బజార్‌లోనూ అంతే. ఆమె గాజుల దుకాణం దగ్గర ఆగితే నేను సందు చివర నిలబడతాను, ఆమె వస్తుంది. వెనక్కి తిరిగి చూడవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఆ పూట నా ధ్యాసంతా ముందున్న పొదల మీదే. ఎక్కడ ఆకు కదిలినా మెడ చాచేవాణ్ణి. నెమలి కనబడింది, తెల్ల తోక వేలాడే పిట్ట కనబడింది, వడ్రంగి పిట్ట కనబడింది. పొన్నంగి కనబడలేదు. బాట రెండుగా చీలిన చోట వినయ్ ఆగి తలలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"అంకుల్, ఆంటీ ఏది?"

అప్పుడు తిరిగి చూశాను. వెనక బాట ఖాళీగా ఉంది.

"ఎప్పుడు చూసిండ్రు లాస్ట్?" అని వినయ్ అడిగాడు. నేను చెప్పలేకపోయాను. వ్యాను దిగినప్పుడు చూశాను. ఆమె ముందు నడుస్తున్నావిడ, "వాగు దాటినంక నా ఎన్క అడుగుల సప్పుడు లేదు, ఆగి వస్తుందనుకున్న" అంది. వినయ్ మా ఇద్దరి నంబర్లూ బయల్దేరేటప్పుడే రాసుకున్నాడు. ఆమె నంబరు నొక్కాడు. నా సంచిలో ఫోను మోగింది.

"బాగుందండీ" అన్నారు సుదర్శనం గారు. "ఫోనూ మీ దగ్గరే, బిస్కెట్లూ మీ దగ్గరే. మనిషొక్కతే లేదు."

ఆమె మాత్ర వేసుకుని ఎంతసేపయిందో లెక్క వేసుకుంటున్నాను. పోయిన ఏడాది ఇలాగే తినడం ఆలస్యమై, వంటింట్లో చెమటలు పట్టి ఆమె గోడకు చేరగిలబడి, నేను ఎవరో కూడా గుర్తుపట్టలేదు. ఇక్కడ గోడ లేదు. వాగు ఉంది, జారే రాళ్లున్నాయి.

"ఏం రంగు చీర అంకుల్?"

ఆలోచించాను. ఎంత ఆలోచించినా రాలేదు.

"ముదురు ఆకుపచ్చ" అన్నారు సుదర్శనం గారు. "అడవిలో కనబడని రంగు. గైడు ముందే ఫోనులో చెప్పినట్టే కట్టుకొచ్చారావిడ."

"పేరేంది ఆంటీది?"

పెళ్లయి నలభై ఏళ్లు దాటింది. ఆ పేరు రేషను కార్డు మీద రాశాను, ఆస్పత్రి చీటీల మీద రాశాను, ఇప్పుడు ఈ బ్లాగులో రాస్తున్నాను. నోటితో పిలవలేదు. ఇంట్లో "ఇగో" అంటే పలుకుతుంది. ఎనిమిది మంది మధ్యలో ఆ పేరు చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వినయ్ తన నియమం తనే పక్కన పెట్టి "రాజ్యలక్ష్మి ఆంటీ!" అని అరిచాడు. మిగిలినవారూ అరిచారు. గువ్వలు లేచిపోయాయి.

చీలిన రెండో బాటలో వెళ్లిందేమోనని వినయ్, సుదర్శనం గారు అటు వెళ్లారు. మిగిలినవారిని అక్కడే ఉండమన్నారు. నేను ఉండలేదు, వచ్చిన దారినే వెనక్కి నడిచాను. ఈ కంపెనీ మీద, గైడు మీద, బ్లాగుల మీద, గ్రంథాలయంలో ఆ బల్ల మీద ఎన్ని తిట్లు తిట్టుకున్నానో! ప్రతి మలుపులో రాయి మీద పడి ఉన్న ఆకుపచ్చ చీరే కనబడుతోంది, దగ్గరకు వెళ్తే పొద. పిలుద్దామంటే మళ్లీ ఆ పేరు రాలేదు. వాగు దగ్గర నిలబడి దగ్గాను. వీధి తలుపు దగ్గర దగ్గినట్టు, నేనొచ్చాననడానికి దగ్గే దగ్గు.

బాట కింద, ఎండిన వాగులో, పొద పైనుంచి ఒక చెయ్యి లేచింది. ఆగమన్నట్టు.

నేను ఆగాను. చాలాసేపు ఆగాను. తరువాత ఆ చెయ్యి వాలిపోయింది. పరుగెత్తి దిగాను. రాజ్యలక్ష్మి ఒక రాయి మీద కూర్చుని భుజం పిసుక్కుంటోంది. ముఖం పాలిపోయి ఉంది, కాని కళ్లు వెలుగుతున్నాయి.

"ఏమైంది? కళ్లు తిరిగినయా?"

"జర తిరిగినయి. కూసున్న. కూసుంటె అదొచ్చింది."

"ఏదొచ్చింది?"

"అదే. మన డాబ మీద పిట్ట. గా ఆకులల్ల ఎగురుకుంట ఎగురుకుంట, నా కాళ్ల దగ్గరిదాంక వచ్చింది."

"ఇంతమందిమి మొత్తుకుంటుంటె పలకవా?"

"నోరు తెరవొద్దన్నడు గద ఆ పిల్లగాడు. చెయ్యి ఎత్తమన్నడు, ఎత్తిన. ఎత్తి ఎత్తి గుంజుతుంది. మీరెవరన్న ఎన్కకు చూస్తిరా?"

నేను సంచి విప్పి బిస్కెట్లు తీయబోయాను. ఆమె కొంగు ముడి చూపించింది. బెల్లం ముక్క, సగం కొరికింది. "మీ సంచిని నమ్ముకొని అడివికొస్తనా?"

"పిట్ట ఏది మరి?"

"ఇప్పుడే పోయింది. మీ దగ్గుకు."

టిఫిను తొమ్మిదిన్నర దాటాక, గుడి దగ్గర చెట్ల కింద. ఇడ్లీలు చల్లారిపోయాయి, పచ్చడి బాగుంది. కంపెనీ వంటావిడ రాజ్యలక్ష్మి ముఖం చూసి, ఎవరూ చెప్పకుండానే, ముందు ఆమెకు వడ్డించి, "తిను అక్క, వీళ్లు పిట్టలను చూస్తరు గని మనుషులను చూస్తరా?" అంది. తిన్నాక వినయ్ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. నెమలికి అన్ని చేతులూ లేచాయి. వడ్రంగి పిట్టకు నాలుగు. అలా చెప్పుకుంటూ వచ్చి, వాగు దగ్గర సంగతి అప్పటికే విన్నవాడు కనుక రాజ్యలక్ష్మి వైపు చూసి, "నవరంగ్" అన్నాడు.

ఆమె చెయ్యి ఎత్తింది. పొద్దుటి నొప్పితో మోచేతి దాకానే లేచింది.

"ఒక్క చెయ్యే" అన్నారు సుదర్శనం గారు. గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. నాకు అదే మింగుడు పడలేదు.

నేను చెయ్యి ఎత్తాను.

"మీరు చూశారా?"

"చూసిన."

"ఎలా ఉందండీ?"

"వీపు తమలపాకు పచ్చ. కడుపు పసుపు కొట్టినట్టు. తోక కింద కుంకుమ. కంటి మీదుగ కాటుక గీత. రెక్క మీద, బట్టలకు పెట్టే నీలిమందు చుక్క." డాబా మీద పిట్టను చూసిన రోజుల్లో ఆమె నాకు ఏ వరుసలో చెప్పిందో ఆ వరుసలోనే చెప్పాను. వినయ్ "కరెక్టుగ చెప్పిండ్రు అంకుల్, ఇద్దరయిన్రు" అన్నాడు. సుదర్శనం గారు బైనాక్యులర్స్ అద్దాలు తుడుచుకున్నారు. రాజ్యలక్ష్మి ఇడ్లీ ప్లేటు వైపే చూస్తోంది.

తిరుగు ప్రయాణంలో ఆమె నా పక్క సీట్లో కూర్చుంది. చేవెళ్ల దాటాక కిటికీలోంచి బయటకు చూస్తూ, "గొంతు కింద తెల్లగుంటది. అది చెప్పుడు మరిచిండ్రు" అంది.

మధ్యాహ్నం రెండింటికల్లా నారాయణగూడలో దిగాం. సుదర్శనం గారు తన బ్లాగులో ఈ ప్రయాణం గురించి రాసి, నవరంగ్ పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పెట్టుకోనివ్వండి. ఆ పిట్టను నేను చూడలేదు. ఇది ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను. కాని చేతుల లెక్క ఎలా ఉన్నా, ఒక మనిషి దాన్ని రెండుసార్లు చూసింది, రెండోసారి చూడగానే అదేనని గుర్తుపట్టింది. ఇక నేనెత్తిన చెయ్యి అంటారా, అది పిట్టకు సాక్ష్యం కాదు. ఆ రాయి దగ్గరికి వెళ్లేదాకా నేను ఎంత భయపడ్డానో నాకు తెలుసు. ఆ తరువాత ఆమె చెప్పిందాన్ని ఒక్కచేతి మాటగా వదిలేసి ఇంటికి రావడం నా వల్ల కాలేదు.

వెళ్లదలచుకున్నవారికి ఒక్క సలహా, ఇది ఏ కంపెనీ కాగితంలోనూ ఉండదు: మీలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని అందరికంటే ముందు నడిపించండి. మేము ఇప్పుడు సుల్తాన్ బజార్‌కు కూడా అలాగే వెళ్తున్నాం. ఆమె ఒక గాజుల దుకాణం దగ్గర ఎంతసేపు నిలబడుతుందో నాకు ఇన్నేళ్లకు తెలిసింది.