పులిహోర గంపకు కట్టిన తాడు

నేను చదివింది ఐదో తరగతి. ఇలా రాయడం ఇదే మొదలు, తప్పులుంటే ఏమనుకోకండి. కానీ ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటికి సాగర్ కాలవ నీళ్లు మా నరసరావుపేట పక్క పల్లెకు ఇంకా రాలేదు. మాకు తెలిసినవి బావి నీళ్లే. మగపిల్లలకు వీపున తేలికైన జీలుగు బెండ్లు కట్టి బావిలో ఈత నేర్పేవారు. నడుముకు తాడు కట్టి, దాని కొస పట్టుకొని పెద్దవాళ్లెవరో ఒకరు గట్టున కూర్చునేవారు. ఆడపిల్లకు ఈతెందుకని నాకు నేర్పలేదు.

నాకు పదేళ్లప్పుడు మాఘ పౌర్ణమికి సముద్ర స్నానమని ఊళ్లోవాళ్లం లారీ మాట్లాడుకొని బాపట్ల వెళ్లాం. ఆరేళ్ల మా తమ్ముడి కోసం బెండ్లు, తాడు కూడా తెచ్చారు. ఇసుకలో దిగగానే నాన్న వాడికి బెండ్లు కట్టాడు. తాడు మాత్రం కుక్కలు మూత లాగుతాయని పులిహోర గంపకు బిగించాడు.

"నాన్నా, తమ్ముడికి తాడో?" అన్నాను.

"బెండ్లున్నయ్ గదే, ఎట్టా మునుగుతాడు? నువ్వు చూస్తా ఉండు."

"నాకు ఈత రాదు గదా!"

"చూడ్డానికి ఈతెందుకే? నోరుందిగా, అరువు," అని బాబాయి నవ్వాడు.

అమ్మా నాన్నా బాబాయీ చేతులు పట్టుకొని మునకలేయడానికి లోపలికి పోయారు. తమ్ముడు మోకాలి లోతులో ఆడుకుంటున్నాడు. ఒక అల వచ్చి వాణ్ణి పడేసి, వెనక్కి పోతూ లాక్కుపోయింది. మునగలేదు, నిజమే. తేలుతూనే పోయాడు. బావికైతే చుట్టూ ఒడ్డుంటుంది. సముద్రానికి ఎదురుగా ఏముంది?

అరిచాను. ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. భయపడుతూనే నడుము లోతు దాకా పోయి అమ్మ కొంగు లాగాను.

"ఏందే, మునక కూడా వెయ్యనియ్యవా!" అని కసిరింది. నేను వేలు చూపిస్తే అప్పుడు చూసి గుండెలు బాదుకుంది. బాబాయి ఈదుకుంటూ పోయి వాడి జుట్టు పట్టుకొని తెచ్చాడు. తమ్ముడు ఉప్పునీళ్లు కక్కి ఏడుపు అందుకున్నాడు. బతికాడు.

నాన్న వచ్చి నా చెంప మీద కొట్టాడు. "చూడమంటే యాడ చూస్తన్నావే?"

చూశాను కాబట్టే కదా పిలిచాను! ఈతొచ్చిన మగవాళ్లిద్దరూ వీపు తిప్పుకొని, కళ్లు మూసుకొని మునుగుతుంటే, ఈత రాని పిల్లదా కాపలా? పైగా దెబ్బ కూడా దానికేనా?

నేను పులిహోర ముట్టలేదు. లారీ ఎక్కాక నాన్ననే అడిగాను. "గంపకు కట్టిన తాడు వాడికి కట్టుంటే?"

"నోరు ముయ్యవే," అన్నాడు. పొద్దున అరవమన్న నోరే ఇది. తప్పు నాదేనని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నాడు.

మర్నాడు అమ్మ ఆ తాడే తెచ్చి నా నడుముకు కట్టింది. "ముందు దీనికి నేర్పు అబ్బాయా," అంది బాబాయితో. కొస మాత్రం ఆయన చేతికివ్వలేదు. తనే పట్టుకొని బావి గట్టున కూర్చుంది.