మా అమ్మాయి పెట్టిన చెట్టు బొమ్మ

మా అమ్మాయి పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం, తగ్గుతుందనే అనుకున్నాం. మా తమ్ముడు వార్డులోంచి వచ్చి, నా పక్కన బల్ల మీద కూర్చుని, "ఇంటికెళ్దాం పదక్కా" అన్నాడు. ఆ మాటతోనే తెలిసిపోయింది. చదివేవాళ్ళకి నా రాత ఎలా అనిపిస్తుందో నాకు తెలియదు. నేను మూడో తరగతితో ఆగిపోయినదాన్ని. గుండెలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాది భవానీపురం. మా ఆయన కృష్ణలో వల వేస్తాడు, నేను చేపలు అమ్ముతాను. మా అమ్మాయి గవర్నర్‌పేటలో పెళ్ళికార్డులు వేసే షాపులో కంప్యూటరు మీద పని చేసేది. తర్వాత షాపులో మిగిలిన పని ఇంటి దగ్గర చేసుకోవడానికి ఒక పాత కంప్యూటరు కొనుక్కుంది. దానికి నా పాత చీర ముక్క కప్పేది. ఆ గదిలోకి చెప్పులతో రానిచ్చేది కాదు. పొద్దున్నే కీబోర్డు తాకి కళ్ళకద్దుకునేది. మా ఇంట్లో దేవుడి పటాలకి కూడా అంత మర్యాద జరగలేదు.

దానికో మైకు కొంది. నేను కత్తిపీట ముందు కూర్చుంటే తెచ్చి నా పక్కన పెట్టేది.

"పులుసు ఎలా పెట్టాలో చెప్పమ్మా."

"రోజూ తింటున్నావుగా, తెలీదా?"

"తినడం తెలుసు. అత్తగారింట్లో నీ పరువు తియ్యకూడదుగా."

"నా పరువు సంగతి సరే, ముందు ఆ చింతపండు పిసుకు."

అలా మా ఇద్దరి మాటలూ, నా తిట్లూ, దాని నవ్వులూ అందులో దాచింది. అది పనికెళ్ళాక వినాలనిపించేది నాకు. కానీ ఆ మాటల్ని ఎక్కడో లోపల పెట్టింది. ఒక అర తెరిస్తే ఇంకో అర, అందులో ఇంకో అర. అన్నిటి మీదా ఇంగ్లీషు అక్షరాలే. నేను ప్రతిసారీ దారి తప్పి ఎవరివో పెళ్ళికార్డుల్లో తేలేదాన్ని.

"అంత లోపల దాచావేంటే, దొంగలెత్తుకుపోతారా?" అన్నాను.

"షాపు పనిలో కలిసిపోతే ఏ పెళ్ళికార్డు మీదో నీ తిట్లు అచ్చవుతాయమ్మా."

నవ్వింది గానీ, నా ఇబ్బంది కనిపెట్టింది. ఆ లోపలి అర మీద మౌసు కుడివైపు నొక్కి ఏదో చేసింది. కంప్యూటరు పెట్టగానే వచ్చే మొదటి తెర మీదే ఒక చెట్టు బొమ్మ వచ్చింది. "నీకు అక్షరాలెందుకు? చెట్టు గుర్తు. టకటకా రెండుసార్లు నొక్కు, సరాసరి మన మాటల దగ్గరికి వెళ్ళిపోతావు" అంది. చెయ్యి చీరకి తుడుచుకుని నొక్కాను. దాని నవ్వు వినిపించింది. నాలాంటిదానికి కూడా ఒక దారి ఉండాలని తలచిన పిల్ల అది. కన్నది నేనైనా, అదే నన్ను పెంచిందనిపించేది.

పెద్దకర్మ నాడు మా ఆడపడుచు అంది, "పిల్ల ప్రాణమంతా ఆ మిషను మీదే వదినా. దాన్ని ఇంట్లో ఉంచుకుంటే పిల్లకి గతులుండవు. ఎవరికన్నా ఇచ్చేయండి." మంచాన్నీ బట్టల్నీ ఇచ్చినట్టే కంప్యూటర్నీ ఇవ్వాలన్నారు. మంగళగిరిలో పిల్లలకి కంప్యూటరు నేర్పే చోటుకి ఇద్దామనుకున్నారు. బిడ్డకి గతులుండవంటే ఏ తల్లి కాదంటుంది? మాటలు మాత్రం నాకు కావాలన్నాను. మా తమ్ముడు ఆటో తోలతాడు, తీరికప్పుడు ఆ కంప్యూటరు మీద పేకాట ఆడేవాడు. వాడే కంప్యూటరులోవి దాచుకునే ఫ్లాపీ బిళ్ళ ఒకటి పెట్టి, చెట్టు బొమ్మని లాగి అందులో వేశాడు. "ఎక్కిందక్కా. ఇక నీ మాటలు నీ దగ్గరే" అని నా చేతిలో పెట్టాడు. చీరల మధ్య దాచుకున్నాను. కంప్యూటరు మంగళగిరి వెళ్ళిపోయింది.

ఫొటోలున్నాయి, ముఖం మర్చిపోను. గొంతే జారిపోతోంది. "అమ్మా" అని ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకోబోతే నా గొంతే వినిపిస్తోంది.

మాసికం అయ్యాక ఆ మాటలు వినడానికి నేనూ మా తమ్ముడూ గవర్నర్‌పేట షాపుకి వెళ్ళాం. ఓనరు గారు కుర్చీ వేసి, ఫ్లాపీ పెట్టారు. చెట్టు కనబడింది. నేనే నొక్కుతానని అడిగి, టకటకా నొక్కాను. నవ్వు రాలేదు. తెర మీద ఒక టార్చిలైటు బొమ్మ వచ్చి అటూ ఇటూ కదలసాగింది.

"ఇందులో మాటలు లేవమ్మా" అన్నారాయన మెల్లగా. "మాటలు ఎక్కడున్నాయో చెప్పే గుర్తు మాత్రమే ఉంది. ఇంటి అడ్రసు రాసుకొచ్చారు, ఇల్లు అక్కడే వదిలేశారు."

"చెట్టు ఎక్కింది సార్, నేను చూశాను" అన్నాడు మా తమ్ముడు.

"చెట్టే ఎక్కింది బాబూ."

ఆయన మంగళగిరికి ఫోను చేశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా వైపు చూడటం మానేశారు. వైరస్సు ఉంటుందని, వచ్చిన రోజే వాళ్ళు అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించారట. ఇంకెక్కడా ఉండదా అని అడిగాను. ఉండదన్నారు. మా తమ్ముడు బయటికెళ్ళి ఆటో మీద తల ఆన్చి నిలబడ్డాడు. వాణ్ణి ఏమనను? వాడికీ అది మేనకోడలే.

"లేనిదాని కోసం వెతుకుతోందమ్మా. ఆపేస్తాను" అని ఓనరు గారు మౌసు అందుకున్నారు.

"కాసేపు ఉండనివ్వండి బాబూ" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశారు. ఆ టార్చిలైటు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు, ఎవరెవరివో పెళ్ళికార్డుల మధ్య తిరుగుతూనే ఉంది.