గీత దాటిన నీళ్లు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు ఇంకో కబురు: మాదాపూర్‌లో నీటి పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో నాకు ఉద్యోగం వచ్చింది.

దానికి ముందు నన్ను పరీక్షించారు. ల్యాబ్ మేడమ్ ఒక సీసా నీళ్లు చేతికిచ్చారు. "ఇందులో కాల్షియం ఎంతుందో నాకు తెలుసండి. లంచ్‌లోపు మీరూ చెప్పండి. సరిపోతే ఉద్యోగం మీదే," అన్నారు.

నీళ్లను కఠినంగా మార్చే కాల్షియం కంటికి కనిపించదు. దాన్ని పట్టుకునే ద్రావణం ముందు తయారు చేసుకోవాలి. తూచిన పొడిని ఫ్లాస్కులో కరిగించి, దాని సన్నటి మెడ మీదున్న గీత దాకా నీళ్లు పోయాలి. చివర్లో చుక్కచుక్కగా పోయాల్సింది, చేయి తొందరపడింది. నీళ్లు గీత దాటాయి.

పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న అక్క చూసింది.

"గింత దానికి పరేషాన్ ఎందుకు? డ్రాపర్‌తోని జర గుంజెయ్."

డ్రాపర్ అందుకున్నాను కూడా. కానీ నేను గుంజేది ఉత్త నీళ్లు కాదు, కరిగిన పొడి కూడా వాటితోనే వచ్చేస్తుంది. మట్టం గీత దగ్గరికి దిగుతుంది గానీ పల్చదనం పోదు.

"ఇగ ఇది చిక్కగ కాదక్కా," అని మొత్తం సింకులో పోశాను.

"నౌకరి గూడ పారవోసినవ్ పో," అంది అక్క.

మళ్లీ తూచి, మళ్లీ కరిగించాను. ఈసారి గీతకు సరిగ్గా కన్ను ఆనించి, ఆఖరి చుక్కలు ఊపిరి బిగబట్టి వదిలాను.

మేడమ్ ఇచ్చిన నీళ్లలో రంగు మందు వేస్తే ఎర్రగా మారాయి. అందులోకి నా ద్రావణం చుక్కలుగా దిగుతోంది. ఒక కణానికి ఒక కణం, అంతే. లోపల కోటానుకోట్ల కాల్షియం కణాలుంటాయి, ఒక్కోదాన్ని ఒక్కోటి పట్టుకుంటూ పోతుంది. పట్టుకోవడానికి ఇంకేమీ మిగలని క్షణాన, ఒకే ఒక్క చుక్కకు, ఎరుపంతా నీలమైపోయింది. అప్పటికి దిగిన ద్రావణం ఎంతో చూస్తే కాల్షియం ఎంతో తేలిపోతుంది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. అయినా నా ఒళ్లు జలదరించింది. కనిపించనిదాన్ని నేను లెక్కపెట్టాను.

మేడమ్ నా లెక్కను తన కాగితంతో పోల్చి చూశారు.

"సరిపోయిందండి. సోమవారం నుంచి రండి. కాస్త తొందర తగ్గించుకోండి."

బయటికొచ్చి, బోరబండలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"నౌకరొచ్చిందే అమ్మా."

ముక్కు ఎగబీల్చిన చప్పుడొకటి వినిపించింది.

"ఆడ ఏం చేస్తవ్ బిడ్డా?"

"నీళ్లల్ల ఏమేం కరిగున్నయో లెక్కపెడత."

"అయితే మన బోరు నీళ్లు గూడ జర చూడు. పప్పు ఉడకక సావగొడుతున్నయి."