నిలకడ మిరపకు పేరు పెట్టిందెవరు

మిరప విత్తనానికి పేరు పెట్టడం బిడ్డకు పేరు పెట్టినంత తేలిక కాదంటాడు బాపయ్య. బిడ్డ పేరు నచ్చకపోతే ముద్దుపేరుతో సరిపెట్టుకోవచ్చు. విత్తనం పేరు రైతు నోట పలక్కపోతే మాత్రం ప్యాకెట్టు కొట్లోనే ముక్కిపోతుంది. పైరుగాలి విత్తనాల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్ళు చేలు చూసుకుని, పదకొండు రకాలకు పేర్లు పెట్టి, చివరికి తానే 'పేర్ల బాపయ్య' అయిపోయిన మనిషి. ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

కంపెనీ ఓనరు జానకిరామయ్యగారు గుంటూరు బ్రాడీపేట ఆఫీసులో నిఘంటువు ముందేసుకుని పేర్లు వెతికేవారు. బాపయ్య ఆ కాయితం జేబులో పెట్టుకుని, చిలకలూరిపేట పక్కనున్న కంపెనీ చేలోకి వెళ్ళేవాడు. కాయ కోసే ఆడవాళ్ళకు ఒక సాలు చూపించి, "వారం రోజులు దీన్ని ఈ పేరుతోనే పిలవండి" అనేవాడు. ఈ గట్టు మీద కేకేస్తే ఆ గట్టు మీది మనిషికి తెలియాలి. బుగ్గన వక్కాకు ఉన్నా పలకాలి. వారం తర్వాత కూడా వాళ్ళ నోట నిలిస్తే అది పేరు, లేకపోతే లేదు. ఓనరుగారు ముచ్చటపడి పంపిన 'రక్తమంజరి' మూడోనాటికి 'రత్తమంజరి' అయింది, ఐదోనాటికి ఉత్త రత్తమ్మ అయి కూర్చుంది. ఖర్మకొద్దీ ఆ ముఠాలో నిజంగానే ఒక రత్తమ్మ ఉంది. తనను వెక్కిరిస్తున్నారని అలిగి రెండు రోజులు పనికే రాలేదు.

ఆ రోజులు తలుచుకుంటే బాపయ్యకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మంచు విడవకముందే చేలో దిగే ఆడవాళ్ళు, వాళ్ళ పరాచికాలు, పదింటికి గట్టు మీద విప్పే సద్దిమూటలు, ఒకరి పచ్చడి ఒకరికి పంచుకోవడాలు. ఆయనకు అంతకన్నా మంచి ఆఫీసు ఎక్కడా కనబడలేదు.

ఇప్పుడు ఓనరుగారు లేరు. కంపెనీని కొడుకు శ్రీకృష్ణ చూస్తున్నాడు. ప్యాకెట్ల మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మారాయి. రైతు ఫోన్ చేస్తే మిషన్ గొంతు 'నిలకడ'ను 'నీలాకాదా' అంటోంది. దాంతో ఆఫీసులో ప్రచారం పనులు చూసే తేజశ్రీ ఒక ఉపాయం చేసింది. ప్యాకెట్టు మీది గళ్ళ బొమ్మను ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు, ఆ పేరు ఎలా పలకాలో, ఎలా పుట్టిందో, పెట్టిన మనిషే తన గొంతుతో చెబుతాడు. రిటైరై ఇంట్లో కూర్చున్న బాపయ్యను కబురంపి పిలిపించింది. ఆయన పది పేర్ల పుట్టుక ఒక్క పూటలో చెప్పేశాడు. పదకొండోది నిలకడ. అక్కడికొచ్చేసరికి మైకు పక్కకు నెట్టేశాడు.

"మంచినీళ్ళు తెప్పించమంటారా అండీ?" అంది తేజశ్రీ.

"వద్దమ్మా. ఇదొక్కటి రేపు చెబుతా."

కంపెనీకి అన్నం పెట్టిన విత్తనమే నిలకడ. దాని కథ బాపయ్య ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఎండు తెగులుకు చేనంతా వాలిపోయిన ఏడు, చావని ఒక్క మొక్కను తాను కనిపెట్టానని, చూడగానే పేరు తట్టిందని. సన్మానంలో శాలువా కప్పించుకుని మరీ చెప్పాడు. అంతా అబద్ధం. మొక్కను చూసింది కాయ కోసే మౌలాబీ. పైట చెంగు చించి దానికి పీలిక కట్టింది. పీలిక కట్టిన మొక్క విత్తనానికి వదిలినట్టు, ఇక దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. అది ఆ చేల కట్టుబాటు. "చేనంతా పడకేసినా ఇదొక్కటే నిలకడగా ఉందన్నా" అని బాపయ్యను పిలిచి చూపించింది. ఆయన కాయలూ పట్టుకుపోయాడు, మాటా పట్టుకుపోయాడు. "ఎవరు చూశార్రా?" అని ఓనరుగారు అడిగితే "నేనేనండి" అన్నాడు. ఉద్యోగం పర్మనెంటయింది.

ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉన్న అబద్ధం ఇక ప్రతి ప్యాకెట్టులోంచీ తన గొంతుతోనే వినబడుతుంది. తాను పోయాక కూడా. నిజం చెబితేనేమో, పేర్ల బాపయ్యకు పేరే మిగలదు. రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారి బస్సెక్కి, గుంటూరులో మౌలాబీ మిరప తొడిమలు తీసే షెడ్డుకు వెళ్ళాడు.

"ఏంది బాపయ్యన్నా, దారి తప్పొచ్చావా?" అంది మౌలాబీ. అరవై దాటినా గొంతులో కరుకు తగ్గలేదు.

బాపయ్య నిలబడే అంతా చెప్పేశాడు. ఆమె చేతిలో పని ఆపలేదు.

"తెలుసులే. నీ సన్మానానికి నేనూ వచ్చా. మైకులో చెప్పావుగా."

"మరి ఆ రోజే అడగలేదేం?"

"అడిగితే నీ ఉద్యోగం ఊడుద్ది. అది ఊడితే మా ముఠాకి ఎవరిస్తారు పని? పన్నెండు మంది ఆడోళ్ళం నీ చేలో బతికాం." తీసిన తొడిమలు పక్కకు ఊడ్చి, మళ్ళీ తనే అంది: "ఒక్కటి మాత్రం మనసులో ఉండిపోయిందన్నా. ఆ కాయలు కోసిన రోజు, దొడ్లో వేసుకుంటా నాలుగు గింజలియ్యమన్నా. కంపెనీ సరుకు బయటోళ్ళకి ఇవ్వకూడదన్నావు. నేను చూసిన మొక్కకి నేనే బయటిదాన్నైపోయా."

ఆ మాట అన్నట్టు బాపయ్యకు గుర్తే లేదు. గుర్తు లేనందుకే ఎక్కువ సిగ్గేసింది.

"ఇప్పుడిస్తానమ్మా."

"ఇప్పుడు దొడ్డెక్కడిది? పిల్లలు గదులేశారుగా."

అప్పటికప్పుడు ఆమెను ఆటో ఎక్కించుకుని బ్రాడీపేట తీసుకెళ్ళాడు. తేజశ్రీ ముందు కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు మైకులో చెప్పాడు. తర్వాత మైకు మౌలాబీ వైపు జరిపాడు. ఆమె బెరుకు లేకుండా, ఆ ఏడు చేనెలా ఎండిందో, మొక్కెలా నిలిచిందో తన మాటల్లో చెప్పింది.

రికార్డింగు అయ్యాక తేజశ్రీ కాయితం తీసింది. పేరు పెట్టినవారు అన్నచోట బాపయ్య పేరు కొట్టేసి, షేక్ మౌలాబీ అని రాసుకుంది. "మరి మిమ్మల్ని ఎక్కడ రాయనండీ?" అంది మెల్లగా.

"నన్ను తీసెయ్యమ్మా. అక్కర్లేదు."

"తీసెయ్యమాకమ్మా" అంది మౌలాబీ. "అన్నది నేనైతే విన్నది ఆయన. కూలోళ్ళ మాట చెవినేసుకునే మేస్త్రీ ఇంకెవరున్నారు ఆ రోజుల్లో?"

బాపయ్యను మెచ్చుకున్నవాళ్ళు ఈ ముప్పై ఏళ్ళలో చాలామందే ఉన్నారు. వాళ్ళందరి ముందూ దర్జాగా తలెత్తి నవ్విన మనిషి, ఈ ఒక్క మెప్పుకు తలెత్తలేకపోయాడు.