దోషీ, మశీన్ నంబర్ తీన్

ఎనభైల మొదట్లో ఫరీదాబాద్‌లోని ఒక ప్రభుత్వ కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్ ఇంజనీరుగా పనిచేశాను. నీళ్ల పంపులకు వేసే షాఫ్టులు అక్కడ తయారయ్యేవి. వాటిలో పనికిరానివి కుప్పలు పడేవి. ఎవరిని తిట్టాలా అని చూడటమే తప్ప, ఎందుకిలా వస్తున్నాయని అడిగే నాథుడు లేడు. ఢిల్లీలో శిక్షణకు పంపితే వెళ్లి, కంట్రోల్ చార్టులు నేర్చుకుని వచ్చి, ప్రతి లేత్ మిషన్ పక్కనా ఒకటి వేలాడదీశాను. తయారైన షాఫ్టును కొలిచి చార్టులో చుక్క పెట్టాలి. చుక్క హద్దుగా గీసిన ఎర్రగీత దాటితే మిషన్ ఆపి కారణం వెతకాలి. మనిషిని కాదు, కారణాన్ని. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

మూడో నంబరు మిషన్ మీద కరీంనగర్ నుంచి వచ్చిన ఒక క్యాజువల్ కార్మికుడు ఉండేవాడు. ఏళ్ల తరబడి ఎదురుచూశాక ఆ ఏడు అతన్ని పర్మనెంటు చేసే వంతు వచ్చింది. ఆ ధైర్యంతోనే భార్యాపిల్లల్ని తెచ్చుకుని బదర్‌పూర్‌లో గది తీసుకున్నాడు. గీత దాటే చుక్కలన్నీ అతని చార్టులోనే. మిషన్ విప్పించి చూస్తే లోపల బేరింగు అరిగిపోయి ఉంది. దాని ముందు ఎవరు నిలబడ్డా అంతే. బేరింగు మార్చమని నోట్ పెట్టాను. అది పర్చేజ్ సెక్షన్‌లో నిద్రపోయింది.

ఇంతలో హిందీ వారోత్సవాలు వచ్చాయి. నోటీసులన్నీ హిందీలోనే ఉండాలన్నారు. నా నెలవారీ నివేదికలో 'డిఫెక్టివ్, మిషన్ నంబర్ త్రీ' అని ఉంటే, హిందీ సెక్షన్ వాళ్లు 'దోషీ, మశీన్ నంబర్ తీన్' అని రాసి గేటు దగ్గర అంటించారు. డిఫెక్టును దోషం అన్నారు, బాగానే ఉంది. దోషం ఉన్నది కాబట్టి దోషి అనేశారు. హిందీలోనైనా తెలుగులోనైనా దోషి అంటే నేరం చేసిన మనిషి. చదివినవాళ్లు మిషన్‌ను వదిలేసి దాని ముందు నిలబడేవాడిని చూడటం మొదలుపెట్టారు.

"గా రాసింది నా గురించేనా సార్?" అని అడిగాడతను క్యాంటీన్ దగ్గర. "మిషినే ఖరాబైందని మీరే అంటిరి గద. పర్మనెంట్ అయితదని ఇంట్ల మా ఆమెకు చెప్పిన."

"కంగారు పడకు, నేను మాట్లాడతాను," అన్నాను.

కాగితం పీకించి, నేరుగా వర్క్స్ మేనేజరు దగ్గరికి వెళ్లాను. బేరింగు సంగతి గొంతు ఎండిపోయేదాకా వివరించాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"చార్టు ఆప్‌కా హీ హై నా? డేటా బోల్ రహా హై," అన్నాడు. చార్టు మీదే, అంకెలే చెబుతున్నాయని నా చార్టునే నాకు చూపించాడు.

పర్మనెంటు మాట అటుంచి, అతన్ని పనిలోంచే తీసేశారు. గేటు పాసు అప్పగించి వెళ్తూ "ఠీక్ హై సార్" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

ఆ మిషన్ మీదికి బీహార్ నుంచి వచ్చిన కొత్త మనిషిని వేశారు. బేరింగు మాత్రం మార్చలేదు. వారం తిరిగేసరికి చుక్కలు మళ్లీ ఎర్రగీత దాటాయి. మనిషి మారినా చుక్క మారలేదు, ఇక ఎవరూ కాదనలేరనుకుని ఆ చార్టు పట్టుకుని మేనేజరు గదికి పరిగెత్తాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చార్టులో చుక్కలు చూశాడు.

"అచ్ఛా, యే భీ?" అన్నాడు, వీడు కూడానా అన్నట్టు. పెన్ను తీసి, ఆ కొత్త మనిషి పేరేమిటని అడిగాడు.